రోజుకో మాట, ఊరికే

విశాఖ మహానగరం కావడానికి పోర్టూ ఉక్కూ ఐటీ కొండలూ చాలవు. నగరవాసి నోట్లో కనీసం ఒక్కటైనా పలకడానికి కష్టమైన ఇంగ్లీషు మాట ఉండాలి. ఈ సత్యం నాకు రిటైరయ్యాక గాని బోధపడలేదు. అమెరికాలో ఉండే మా అబ్బాయి సంక్రాంతికి వచ్చి ఫోన్లో ఓ యాప్ పెట్టి వెళ్లాడు. పొద్దున్నే కాఫీ కంటే ముందు అందులో ఓ కొత్త మాట దిగుతుంది. కింద నిర్వచనం, దాని కింద ఉదాహరణ వాక్యం. ఎంవీపీ కాలనీలో మా మేడ మీద కూర్చుని దాన్ని సంధ్యావందనమంత నిష్ఠగా జపిస్తున్నాను.

నిర్వచనం మహిమ ఏమిటంటే, తెలియని మాట ఒకటుంటే దాన్ని రెండు చేస్తుంది. ‘గారులస్’ అంటే ‘లొక్వేషస్’ అంది. అదేమిటని నొక్కితే ‘గారులస్’ అంది. మద్దిలపాలెంలో ఇల్లెక్కడంటే గుడికెదురుగా అనీ, గుడెక్కడంటే మా ఇంటికెదురుగా అనీ చెప్పినట్టు. నేనలా ప్రదక్షిణలు చేస్తుంటే మా ఆవిడ వచ్చి చూసి, “వాగుడుకాయ అనడానికి ఇంత అవస్థ దేనికండీ?” అంది. పాపం, తెలీదు. వాగుడుకాయ నేర్చుకోడానికి ఎవరైనా ఫీజు కడతారా?

ఫీజంటే గుర్తొచ్చింది. మా అబ్బాయి ద్వారకానగర్‌లో అమెరికా చదువులకి రాసే జీఆర్ఈ పరీక్ష కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో వేల మాటలు బట్టీ పట్టాడు. 2011లో ఆ పరీక్షలోంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు ఎత్తేశారు. మాటల జాబితాలు మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు. పెళ్లయిపోయినా షామియానా విప్పకపోతే ఎలా ఉంటుందో అలా.

ఇక ఉదాహరణ వాక్యాలు. వాటిలో ఉండేవాళ్లంతా దొరలు, దొరసానులు, కోటు తొడుక్కున్న వంటవాళ్లు. ఒక్కడూ ఇరవై ఎనిమిదో నంబరు బస్సెక్కడు. అందుకని నిర్వచనాలు వాళ్లవే ఉంచి, వాక్యాలు నేను స్థానికంగా తయారు చేసుకుంటున్నాను. ఉదాహరణకి ‘ఎఫెమెరల్’. గ్రీకులో ఒక్కరోజు బతుకు అని దాని మూలార్థం. యాప్ వాడు చెర్రీ పూలు చూపించాడు. నేను చెర్రీ పూలు చూళ్లేదు గాని ఆర్కే బీచ్ ఇసుక చూశాను. ఔటర్ హార్బర్ కట్టాక తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుకకి అడ్డు పడింది. దాంతో అక్కడ తవ్విన ఇసుక తెచ్చి ఇక్కడ పోస్తారు. సముద్రం పట్టుకుపోతుంది. మళ్లీ పోస్తారు. ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ వాక్యం ఏ నిఘంటువులోనైనా ఉందా?

‘ప్రోక్రాస్టినేట్’, అంటే వాయిదా వెయ్యడం, మరీ నచ్చింది. అందులోని ‘క్రాస్’ అంటే లాటిన్లో రేపు. విశాఖ మెట్రో సంగతి చూడమని 2014 విభజన చట్టంలోనే రాసుకున్నారు. అప్పుడు నల్లగా ఉన్న నా జుట్టు ఇప్పుడు సాధ్యమైనంత తెల్లబడింది. వ్యాకరణ దోషమేమైనా ఉందేమో చెప్పండి.

అన్నిటికంటే నన్ను కదిలించింది ‘బండికూట్’. చూస్తే మన పందికొక్కే! మన తెలుగులోంచే ఇంగ్లీషులోకి వెళ్లింది, అక్కణ్నుంచి ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి ఇంకో జంతువుకి పేరుగా స్థిరపడింది. వీసా అడిగినవాడు లేడు. పూర్ణా మార్కెట్ గోదాముల్లో తిరిగే దాని బంధువులకి ఈ సంగతి తెలిస్తే ఎంత పొంగిపోతాయో!

నేర్చింది వాడకపోతే తుప్పు పడుతుందన్నారు కదా అని మొన్న ఆదివారం ఫిషింగ్ హార్బర్‌కి బయల్దేరాను. ఆ పొద్దుటి మాట ‘ఎగ్జార్బిటెంట్’. బండి చక్రం గాడి తప్పడం దాని మొదటి అర్థం, ఇప్పుడు గాడి తప్పిన ధరకి వాడతారు. వంజరం కిలో ఎంతమ్మా అంటే చేపలమ్మే ఆవిడ చెప్పింది. ఇలాంటి అవకాశం మళ్లీ రాదని గొంతు సవరించుకుని, “ఎగ్జార్బిటెంట్!” అన్నాను.

ఆవిడ బుట్టలో ఓసారి చూసి, తల అడ్డంగా ఊపింది.

“అది నిన్ననే అయిపోనాది బాబూ. ఇయ్యాల వంజరమే ఉన్నాది.”