తుక్కులో కలిసిపోతున్న టంగ్‌స్టన్

కరీంనగర్ క్వారీల గ్రానైట్ రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడి నుంచి చైనాకు తరలిపోవడం ఉత్తర తెలంగాణలో అందరూ ఎరిగిన సంగతే. ఆ బండను కొండ నుంచి విడదీయడానికి రంధ్రాలు వేసే డ్రిల్లు కొనలో ఉన్న లోహం ఎక్కడిదో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది టంగ్‌స్టన్. ప్రపంచంలో తవ్వి తీస్తున్న టంగ్‌స్టన్‌లో 80 శాతానికి పైగా చైనాదే. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం పలు టంగ్‌స్టన్ ఉత్పత్తుల ఎగుమతికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. రాయిని మనం పంపుతున్నాం, దాన్ని తొలిచే పదును కోసం వాళ్ల మీదే ఆధారపడుతున్నాం. ఈ లెక్క సరిచేసుకోవడానికి కొత్తగా కొండలు తవ్వనక్కర లేదని, మన పాత ఇనుప సామాన్ల దుకాణాలను కాస్త శ్రద్ధగా చూస్తే చాలావరకు దారి దొరుకుతుందని నా వాదన.

టంగ్‌స్టన్ అనగానే మనకు గుర్తొచ్చేది పాత బల్బులోని తీగ. 3,422 డిగ్రీల సెల్సియస్ దాకా కరగని లోహం ఇంకొకటి లేదు కాబట్టే ఆ పనికి దీన్ని ఎంచుకున్నారు. ఎల్‌ఈడీలు వచ్చి బల్బు పోయినా లోహం అవసరం పోలేదు. ఎక్స్‌రే ట్యూబులో ఎలక్ట్రాన్లు దూసుకొచ్చి తాకేది టంగ్‌స్టన్ పలకనే. స్టీలు గేట్లు చేసే షాపుల్లో ఆర్గాన్ వెల్డింగుకు వాడే కరగని కడ్డీ కూడా ఇదే. బరువులో ఇది బంగారానికి ఇంచుమించు సమానం: ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగితే టంగ్‌స్టన్ 19.25 గ్రాములు తూగుతుంది. నకిలీ బంగారు కడ్డీల కడుపులో దీన్ని దాచిన కేసులు విదేశాల్లో బయటపడింది అందుకే.

పేరు విషయంలో పిల్లలకు ఎప్పుడూ ఒక సందేహం వస్తుంది, టంగ్‌స్టన్‌కు ‘డబ్ల్యు’ గుర్తు ఏమిటని. జర్మనీలోని సాక్సనీ గనుల్లో తగరం తీసేవారికి ఒక ఖనిజం పెద్ద తలనొప్పిగా ఉండేది. కొలిమిలో అది ఉంటే తగరం దిగుబడి పడిపోయేది. తోడేలు (జర్మన్‌లో ‘వోల్ఫ్’) తిన్నట్టు తగరాన్ని తినేస్తోందని దానికి వోల్‌ఫ్రామ్ అని పేరు పెట్టారు. గుర్తు అక్కడి నుంచి వచ్చింది. టంగ్‌స్టన్ అనేది ‘బరువైన రాయి’ అనే అర్థం గల స్వీడిష్ మాట. అలాంటి రాయి నుంచే 1781లో రసాయన శాస్త్రవేత్త షీలే ఒక కొత్త ఆమ్లాన్ని వేరుచేశాడు. 1783లో స్పెయిన్‌లో ఎల్హుయార్ సోదరులు వోల్‌ఫ్రామ్ ఖనిజం నుంచి లోహాన్నే రాబట్టారు. తగరం పోగొడుతోందని తిట్టుకున్న ఖనిజం కోసం ఇప్పుడు దేశాలు పోటీ పడుతున్నాయి.

మన ప్రాంతానికి అసలు సంబంధం లోహంతో కంటే దాని కార్బైడ్‌తో, అంటే కార్బన్‌తో కలిసిన రూపంతో ఉంది. 1920లలో జర్మనీలోని ఓస్రామ్ కంపెనీ, బల్బు తీగను సాగదీసే అచ్చులకు ఖరీదైన వజ్రం బదులు మరేదైనా దొరుకుతుందా అని వెతికింది. అక్కడ కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్ అనే లోహంతో కలిపి, అదిమి, కాల్చి గట్టి ముద్దగా మార్చాడు. 1923లో దానికి పేటెంటు దరఖాస్తు పడింది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం, 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలమానంలో 7. కార్బైడ్‌ది 9 దాటుతుంది.

వరంగల్ జిల్లా ఊళ్లలో బోరు బండి పనిచేస్తుంటే బిట్టు మార్చే సమయంలో దగ్గరికెళ్లి చూడండి. ఆరున్నర అంగుళాల ఉక్కు ముఖం మీద గుండ్రటి బొడిపెలు పొదిగి ఉంటాయి. బటన్లు అంటారు వాటిని. గాలి ఒత్తిడితో హ్యామర్ కొట్టే ప్రతి దెబ్బనూ రాయికి చేర్చేవి అవే. నున్నగా అరిగి చదునైతే సానపట్టి మళ్లీ గుండ్రం చేస్తారు. రెండు మూడు ఊడిపోయాక బిట్టు పని అయిపోయినట్టే, తుక్కులో పడుతుంది. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బండ్లయినా, ఇక్కడివైనా అన్నింటిదీ ఇదే తీరు. సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గు కోసే యంత్రాల పళ్లకు, పైకప్పు బోల్టులకు రంధ్రాలు వేసే బిట్లకు కూడా కొన కార్బైడే.

దీన్ని ఇనుముగా చూడడంలోనే నష్టం ఉంది. టంగ్‌స్టన్ గనుల్లో ఖనిజం శాతం సాధారణంగా ఒకటి లోపే. అంటే టన్ను రాయి పిండి చేస్తే చేతికొచ్చేది కొద్ది కిలోలు. అదే టన్ను కార్బైడ్ తుక్కులో 800 కిలోలకు పైగా టంగ్‌స్టన్ ఉంటుంది, కోబాల్ట్ అదనం. ఇనుముతో కలిపి కొలిమిలో వేస్తే రెండూ వృథా. లేత్ షాపుల వారు పాత కార్బైడ్ టిప్పులను విడిగా డబ్బాలో దాచి అమ్ముకుంటారు, విలువ తెలుసు కాబట్టి. బోరు బిట్టు విషయంలో ఆ అలవాటు ఇంకా బలపడాలి. గుర్తుపట్టడం కష్టం కాదు: గ్రైండింగ్ రాయికి ఆనిస్తే ఉక్కు పొడవాటి రవ్వలు చిమ్ముతుంది, కార్బైడ్ నుంచి వచ్చే రవ్వలు పొట్టిగా, మసకగా, నారింజ రంగులో ఉంటాయి.

గనుల దారి ఎంత కష్టమో మదురై చూపించింది. అరిట్టాపట్టి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం కూడా ఉన్న నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ బ్లాకు వేలాన్ని, రైతుల ఆందోళన తర్వాత 2025 జనవరిలో కేంద్రం రద్దు చేసింది. రద్దు సరైన నిర్ణయమే. అయితే టంగ్‌స్టన్ అవసరం తీరలేదు కదా! కీలక ఖనిజాల పునర్వినియోగానికి అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం 1,500 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఆ చర్చంతా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, లిథియం బ్యాటరీల చుట్టూ తిరుగుతోంది. బోరు బిట్టు ప్రస్తావన వినబడడం లేదు. దాన్ని వినిపించాల్సింది మనమే, ఎందుకంటే దాన్ని ఇంతగా అరగదీస్తున్నదీ మనమే.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం ఒకప్పుడు ఇరాన్ వర్తకులు వెతుక్కుంటూ వచ్చారు. భారతదేశపు ఉక్కు రహస్యం ఏమిటో తేల్చాలనుకునే ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే 1820 నాటికి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేశాడు. ఆ శతాబ్దంలోనే ఉక్కులో టంగ్‌స్టన్ కలిపి పనిముట్లు చేయడం యూరప్ నేర్చుకుంది. మనం ఆగిపోయాం. ఇప్పుడు వరంగల్ ఎన్‌ఐటీలో లోహశాస్త్ర విభాగం ఉంది, పక్కనే గనులు, క్వారీలు ఉన్నాయి. కార్బైడ్ తుక్కును కరిగిన జింకులో నానబెడితే అది కోబాల్ట్‌ను లాగేస్తుంది. తర్వాత శూన్యంలో వేడిచేసి జింకును ఆవిరిగా వెనక్కి తీసుకుంటే కార్బైడ్ పొడిగా మిగులుతుంది. ఈ పద్ధతి పాతదే, పరిశ్రమల్లో నడుస్తున్నదే.

రేకుల షెడ్లలో ఈ పని చేయించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కోబాల్ట్ కలిసిన కార్బైడ్ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. గాలి వడపోత, కార్మికులకు వైద్య పరీక్షలు లేనిచోట అనుమతి ఇవ్వకూడదు. సేకరణకు మాత్రం కొత్త చట్టం అక్కర లేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద బోరు బండ్లను ఎలాగూ నమోదు చేయించాలి. ఆ నమోదులో పాత బిట్లు అప్పగించిన రశీదు చూపాలన్న షరతు చేర్చవచ్చు. సింగరేణి బిట్ల టెండర్లలో అరిగినవి వెనక్కి తీసుకునే బాధ్యతను అమ్మేవాడి మీదే పెట్టవచ్చు. క్వారీ లీజులకూ ఇదే వర్తిస్తుంది. మొదట భూపాలపల్లి, కరీంనగర్, వరంగల్‌లలో ఒక్కో సేకరణ కేంద్రం తెరిచి, కార్బైడ్‌కు ఇనుము ధర కాకుండా దాని ధర చెల్లిస్తే బండి యజమానులు తామే తెచ్చి ఇస్తారు.