తువ్వాలు కింది ధర

మిరపకాయ ధర తేల్చడంలో గుంటూరునూ, పాత లారీ ధర తేల్చడంలో విజయవాడ ఆటోనగర్‌నూ మించిన విద్యాపీఠాలు ఈ దేశంలో లేవన్నది నా దృఢ విశ్వాసం. టిక్కీలోకి, అంటే మిరప బస్తాలోకి, మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగు కాయను పైకి తీసి, తొడిమ చూసి, అది ఈ ఏటి సరుకో శీతల గిడ్డంగిలో దాచిన నిరుటి ఏసీ సరుకో చెప్పగల పండితులు అక్కడున్నారు. ఇంజను చప్పుడు విని ఆ బండి ఏ ఘాట్ రోడ్డులో ఎన్నేళ్ళు ఏడ్చిందో చెప్పగల జ్ఞానులు ఇక్కడున్నారు. ఇంతటి విద్వత్తు గల ప్రాంతంలో, బాగా నేర్చిన ఒక పదిహేడేళ్ళ స్వారీ గుర్రానికి సరసమైన ధర ఎంతో చెప్పగల మనిషి ఒక్కడూ దొరకకపోవడాన్ని తీవ్రమైన ప్రజాసమస్యగా భావించి, దానిని ఇక్కడ విచారణకు పెడుతున్నాను.

విచారణకు మూలకారకుడు మా బావమరిది. ఆయన ప్రభుత్వోద్యోగి; పైగా నూజివీడు వైపు మామిడి తోట ఉంది. తోటకు కారులో వెళ్ళేవాళ్ళు మరీ ఎక్కువైపోయారు కనుక తోటలో గుర్రం ఉండాలని ఆయనకు తోచింది. పదేళ్ళ మనవరాలు స్వారీ నేర్చుకుంటానని అడగడం ఆ ఆలోచనకు తరువాత దొరికిన ఊతం. కృష్ణ ఒడ్డున పిల్లలకు స్వారీ నేర్పే ఒక పెద్దాయన దగ్గర ముదురు గోధుమ రంగు ఆడగుర్రం ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి, పద్దెనిమిదేళ్ళు వాడిన స్కూటరును కొన్న ధరకే అమ్మిన ఖ్యాతి నాకు ఉన్నందున, సలహాదారుగా నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

సాంకేతిక నిపుణుడిగా మా మేనమామ కూడా వచ్చాడు. ఆయన ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీల చుట్టూ నలభై ఏళ్ళు తిరిగిన మనిషి. ఆ పోటీల్లో ఎడ్లను రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు కడతారు కనుక, పశువు వయసు పంటిలో ఉంటుందన్న సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. గుర్రం కింది పెదవి వంచి, ముందుపళ్ళు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, “ఆరు పళ్ళే రా, నాలుగేళ్ళు కూడా నిండలేదు, కుర్రది” అని తీర్పు చెప్పాడు. ఎద్దుకు కింది దవడలో ముందుపళ్ళు ఎనిమిదనీ, పై దవడలో అసలు ఉండవనీ, గుర్రానికి పైనా కిందా ఆరేసి మాత్రమే ఉంటాయనీ, ఈ గుర్రం నూరేళ్ళు బతికినా ఆ లెక్క ప్రకారం ఆరు పళ్ళ విభాగం దాటదనీ ఆ పెద్దాయన చాలా మర్యాదగా వివరించవలసి వచ్చింది.

ఆ తరువాత ఆయన పై పెదవి ఎత్తి చూపించాడు. చివరి ముందుపన్ను మీద, చిగురు దగ్గర మొదలై కిందికి దిగే గోధుమ రంగు గాడి ఒకటి ఉంది. అది పదేళ్ళ వయసులో చిగురు దగ్గర తొంగిచూసి, పదిహేనుకు పన్ను సగం దాకా దిగి, ఇరవైకి చివరిదాకా చేరుతుంది. ఈ గుర్రానికి సగం దాటి ఒక గోరంత దిగింది. ఒకప్పుడు కొందరు వర్తకులు ముసలి గుర్రాల పళ్ళ మీద గుంటలు తొలిచి, నల్లగా కాల్చి, కుర్ర గుర్రాలుగా అమ్మేవారట. ఈయన ఆ శ్రమ పడకపోగా, కుర్రదని మేమే ఒప్పేసుకున్న గుర్రానికి తనే పదిహేడేళ్ళని రుజువు చూపించాడు. దాంతో బావమరిదికి ఆయన నిజాయితీ మీద గట్టి అనుమానం కలిగింది.

అనుమానం కలిగాక లెక్క మొదలైంది. ఆదాయపు పన్ను పద్ధతిలో కారుకు ఏటా 15 శాతం తరుగుదల కదా. ఆ చొప్పున పదిహేడేళ్ళు కోస్తూ పోతే వంద రూపాయల వస్తువుకు ఆరు రూపాయల చిల్లర మిగులుతుంది. పైగా పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి. కాబట్టి ఈ గుర్రాన్ని ఉచితంగా ఇవ్వడమే న్యాయమనీ, తాను ఏదైనా ఇస్తే అది కేవలం ఔదార్యమనీ బావమరిది నిర్ధారించాడు. ఇక్కడ ఒక చిన్న విషయం మనవి చేయాలి. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 60 నుంచి 62కు పెంచినప్పుడు, అనుభవానికి ఇన్నాళ్ళకు విలువ కట్టారని వీధంతా పూతరేకులు పంచినవాడు ఈయనే. గుర్రానికి పదిహేడంటే మనిషి లెక్కలో యాభై దాటి కొద్దిగా. అంటే ఆ జీవికి ఆయన కొలువులో ఇంకా పదేళ్ళ సర్వీసు ఉన్నట్టే.

కారు లెక్కలో ఇంకో చిక్కు ఉంది. కారు షోరూము నుంచి బయటికి వచ్చిన రోజునే దాని గరిష్ఠ విలువతో వస్తుంది. గుర్రం పుట్టిన రోజున దానికి నిలబడడం తప్ప ఏమీ రాదు. మూడు నాలుగేళ్ళకు జీను వేయించుకోవడం, ఆ తరువాత ఏళ్ళ తరబడి కళ్ళెం భాష, కాళ్ళ ఒత్తిడి భాష నేర్చుకోవడం, ఇవన్నీ అయ్యేసరికి దాని ధర పదేళ్ళ దాకా ఎక్కుతూ పోయి, అక్కడి నుంచి మెల్లగా దిగడం మొదలవుతుంది. వయసు పెరిగే కొద్దీ ధర పెరిగే గుర్రం ఒక్కటే ఉంది, అది పెళ్ళి ఊరేగింపు గుర్రం. మనం తెల్ల గుర్రాలనుకునేవి చాలామటుకు ముదురు రంగులో పుట్టి ఏడాదికేడాది నెరిసి తెల్లబడినవే. తల నెరిసినందుకు ఎక్కువ కిరాయి పుచ్చుకునే వృత్తి లోకంలో అదొక్కటే అయివుండాలి. ఆ కిరాయి చెల్లించే పెళ్ళికొడుకు తండ్రి మాత్రం తెల్లవారుజామునే జుట్టుకు రంగు వేసుకుని వస్తాడు.

పశువైద్యుణ్ణి పిలిపించాం. తెలిసినవాళ్ళు ఈ పరీక్షకు చెప్పాపెట్టకుండా పొద్దున్నే వెళ్ళమంటారు. ముందే తిప్పి వేడెక్కించిన గుర్రంలో కీళ్ళ బిగువు కనబడదు, నొప్పి మందు పడిన గుర్రంలో కుంటు కనబడదు. అందుకే డాక్టరు రక్తం కూడా తీసుకున్నారు. ముంగాలు మడిచి ఒక నిమిషం పట్టి, వదలగానే పరుగెత్తించారు. మొదటి నాలుగడుగులు బిగిసి, ఐదో అడుగుకు సర్దుకుంది. “ఈ వయసుకు ఇది మామూలేనండి, పాప స్వారీకి ఢోకా లేదు, ఎత్తులు మాత్రం దూకించకండి” అన్నారాయన. బావమరిది వెంటనే చిన్న కాగితం తీసి ఆ నాలుగడుగులకు కొంత తగ్గింపు రాసుకున్నాడు. నా మోకాలిని నిమిషం మడిచి పట్టుకుని ఇంద్రకీలాద్రి మెట్ల మీదికి తరిమితే ఎన్నో మెట్టుకు సర్దుకుంటుందో, దానికి మా ఇంట్లో ఎంత తగ్గింపు రాసుకుంటారో అని నాకు ఆ క్షణంలో దిగులు వేసింది.

మెడ మీద ఉంటే అదృష్టమని చెప్పుకునే దేవమణి సుడి కోసం మేనమామ చేసిన వెతుకులాట ఫలించలేదు. ఆ ఖాతాలో ఇంకొంత తగ్గింది.

ఇంత లెక్కలోనూ గుర్రం ఎక్కే మాట ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి పెద్దాయనే పాపను జీను మీద కూర్చోబెట్టి పగ్గం చేతికిచ్చాడు. రెండు చుట్లు తిరిగాక పాప ఎడమ పాదం రికాబులోంచి జారి, నడుము ఒక పక్కకు ఒరిగింది. మేము అరవబోయేలోగా గుర్రం తనంతట తాను ఆగి, పాప ఒరిగిన వైపుకే అరడుగు జరిగి, ఆ పిల్ల జూలు పట్టుకుని సర్దుకునేదాకా కొయ్యలా నిలబడింది. సరిగ్గా అప్పుడే కరకట్ట మీద మైకు కట్టిన ప్రచార ఆటో ఒకటి గొంతు చించుకుంటూ పోయింది. పక్క కొట్టంలోని మూడేళ్ళ గుర్రం తడిక విరగ్గొట్టేంత పని చేసింది. ఇది ఒక చెవి అటు తిప్పి, విని, మళ్ళీ పాప వైపు తిప్పుకుంది. బావమరిది కాగితంలో చూశాను. ఆ చెవికి గడి లేదు.

దిగుబడి చెప్పి ఖర్చు దాచడం న్యాయం కాదు. నాలుగు వందల కిలోల గుర్రం తన బరువులో వందకు రెండు వంతులు, అంటే రోజుకు ఎనిమిది కిలోల దాకా మేత తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి లాడాలు మార్చాలి. వయసు మీదపడే కొద్దీ పళ్ళ అంచులు రాపిడి పెట్టించాలి, లేకపోతే గడ్డి నమలలేక ఉండలుగా ఉమ్మేస్తుంది. గుర్రం ఆయువు పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు కూడా. స్వారీకి పనికివచ్చే కాలం తరువాత కూర్చోబెట్టి పోషించవలసిన కాలం ఒకటి ఉంటుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత ఈ సంగతి ఎప్పుడో తేల్చింది. పెద్దాయన అడిగింది కూడా అదే: “స్వారీ మానేశాక దీన్ని ఎక్కడ ఉంచుతారండీ?” ఆ ప్రశ్న కూడా ధర తగ్గించడానికే పనికివస్తుందని బావమరిది గ్రహించి, ఆ వృద్ధాప్య పోషణ మొత్తాన్ని అమ్మేవాడి వాటాలో వేశాడు.

పోనీ, మార్కెట్టు రేటు అడుగుదామంటే మార్కెట్టే లేదు. పశుగణన ప్రకారం 2012లో దేశమంతటా ఆరు లక్షల పైచిలుకు ఉన్న గుర్రాలు 2019 నాటికి మూడు లక్షల నలభై వేలకు పడిపోయాయి. అందుచేత, చూసేవారికి తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునే ప్రాచీన పద్ధతిని ఆశ్రయించాం. మేనమామ భుజం మీది తువ్వాలు తీసి పెద్దాయన చేతి మీద కప్పాడు. ఆ కింద బావమరిది వేళ్ళు పట్టుకున్నాడు, పెద్దాయన విదిలించాడు, మళ్ళీ పట్టుకున్నాడు. గుర్రం ఈలోగా తువ్వాలు కొస నమలసాగింది. కాసేపటికి ఇద్దరూ తలలూపారు, బయానా చేతులు మారింది. సలహాదారునైన నాకు ఆ గుడ్డ కింద ఎన్ని వేళ్ళు ముడుచుకున్నాయో నేటికీ తెలియదు.

గుర్రాన్ని చూడవచ్చిన బంధువులలో దాని పేరు అడిగినవారు లేరు. “ఎంత పెట్టారు?” అన్నది మాత్రం అందరూ అడిగారు. బావమరిది ఒకరికి ఒక అంకె, ఇంకొకరికి ఇంకొక అంకె, మా చెల్లెమ్మకు అన్నిటికన్నా చిన్న అంకె చెప్పాడు. ఏ అంకె విన్నవారైనా “అయ్యో, నాకు ముందు చెప్తే ఇంకా తక్కువలో ఇప్పించేవాణ్ణిగా” అనే అన్నారు.

నా సలహా రుసుము విషయం ఇంకా తెగలేదు. తోటలో ఆదివారం ఆదివారం గుర్రానికి ఉలవలు ఉడికిస్తారు. గుగ్గిళ్ళు అది తింటుంది. వార్చిన కట్టు స్టీలు క్యారియరులో మా ఇంటికి వస్తుంది, సోమవారం మాకు ఉలవచారు. ఆ క్యారియరు విలువ కట్టి గుర్రం ధరలోంచి తీసివేయాలని బావమరిది వాదిస్తున్నాడు. అసలు ధర ఎంతో ముందు చెప్పమని నేను అడుగుతున్నాను.