నాన్ బెయిలబుల్ వారెంట్ గారికి ఒక సాక్షి రాయునది

మహారాజశ్రీ నాన్ బెయిలబుల్ వారెంట్ గారి సముఖానికి నమస్కారములు. ఉభయ కుశలోపరి.

తమరి కుశలం నాకు ఈ సాయంత్రమే తెలిసింది. ఆరున్నరకి ఇద్దరు కానిస్టేబుళ్లను వెంటబెట్టుకుని మా అపార్ట్‌మెంట్ గేటు దాకా వచ్చారు. మొన్న మంగళవారమే కదా, కోర్టు హాల్లో, నా కళ్లెదుటే తమరు రద్దయింది! పోయినవాళ్లు పదకొండో రోజు దాకా ఇంటి చుట్టూ తిరుగుతారంటారు, ఇదీ అలాంటిదేలే అని సర్దిచెప్పుకుందామనుకున్నాను. కానీ తిరిగే ఆత్మలేవీ మూడో అంతస్తు ఆంటీని ఆపి "ఫలానా ఆయన ఫ్లాట్ ఏదమ్మా, వారెంటుంది" అని అడగవు.

మా వాచ్‌మన్ మాత్రం తన పని తాను చేశాడు. ఎంత ఖాకీ బట్టలైనా సరే రిజిస్టర్ తీశాడు. పేరు, ఫోన్ నంబరు, ఏ ఫ్లాటు, ఏం పని, ఇన్ టైమ్ అన్నీ రాశాడు. తర్వాత నాకు ఫోన్ చేశాడు.

"సార్, మీకోసం ఇద్దరొచ్చిన్రు. పైకి పంపాల్నా?"

నెలకి పన్నెండు వేలు తీసుకునే మనిషికి, ఎవరినైనా పంపేముందు ఒక ఫోన్ కొట్టాలని తట్టింది. మీ వంశంలో ఇన్నేళ్లుగా ఒక్కరికీ తట్టలేదు. ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది అందుకే.

తమరు మర్చిపోయి ఉంటారు, చాలామందిని చూసుకోవాలి కాబట్టి. నేను ముద్దాయిని కాను. ఫిర్యాదు చేసినవాణ్ణీ కాను. 2019లో హైవే పక్కన టీ తాగుతూ, ఒక లారీ బైకును గుద్దడం చూశాను. అదీ నా నేరం. 108కి ఫోన్ చేశాను. పోలీసులు అడిగితే చూసింది చూసినట్టు చెప్పాను. రైటర్ గారు నా అడ్రస్, సెల్ నంబరు రాసుకుని, చివరి అంకె తొమ్మిదా ఆరా అని రెండుసార్లు అడిగి మరీ దిద్దుకున్నారు. చార్జిషీటులో నా పేరు ఎల్‌డబ్ల్యూ-5, అంటే సాక్షుల జాబితాలో ఐదోవాణ్ణి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. సాక్షి ఎక్కడ ఏడవాలో పెద్దలు చెప్పకుండానే పోయారు.

తమరి మొదటి కబురు పోయిన నెల ఫోన్లో వచ్చింది. "సార్, మీ మీద ఎన్‌బీడబ్ల్యూ ఉంది, కోర్టు నుంచి మాట్లాడుతున్న" అన్నాడొకాయన. ఎన్‌బీడబ్ల్యూ అంటే తమరే. రోజూ పేపర్లో చదువుతున్నాం కదా, పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బులు గుంజే ఈ డిజిటల్ అరెస్ట్ గోల. "వీడియో కాల్ ఎప్పుడు బాబూ, ఇప్పుడా, భోంచేశాకా?" అని అడిగి కట్ చేశాను. నంబరు బ్లాక్ చేసి, ఫ్యామిలీ గ్రూపులో అందరికీ జాగ్రత్తలు కూడా పెట్టాను. మా బావ నాలుగు చప్పట్లు కొట్టాడు. మర్నాడు ఇంకో నంబరు నుంచి చేస్తే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తానని గట్టిగా బెదిరించాను. మూడోసారి ఆయన మా నాన్న పేరు, ఆ టీ కొట్టు, లారీ రంగు అన్నీ చెప్పి, ఓపిగ్గా అన్నాడు: "మోసగాడైతే పైసలు అడుగుతడు సార్. నేను మిమ్మల్ని రమ్మంటున్న, అంతే."

పాపం, ఆయన కోర్టు కానిస్టేబులే. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన ఫోన్ చేసిన నంబరు మీదే నా బాధంతా. ఏ నంబరుకి చేశాడు? 2019లో నేనిచ్చిన నంబరుకే! ఆ తొమ్మిదికే, ఆ ఆరుకే!

తమరికన్నా ముందు సమన్లు రావాలి కదా, రాలేదేమని అడిగితే ఫైల్ తిప్పి చూపించారు. మూడు సమన్లు. మూడింటి వెనకా ఒకే చేతిరాత: "సదరు సాక్షి సదరు చిరునామాలో లేడు. ఎక్కడికి పోయినదీ తెలియరాలేదు." అవును, 2021లో అద్దె ఇల్లు మారాను. ఈ దేశంలో అద్దెకుండేవాళ్లు ఇల్లు మారతారు. తర్వాత తమరి చిన్నాన్న బెయిలబుల్ వారెంట్ గారు వెళ్లారు. ఆయనా అదే తాళం చూసి, అదే వాక్యం రాయించుకుని తిరిగొచ్చారు. ఆ కాగితాల కిందే, అదే ఫైల్లో, నా వాంగ్మూలం. అందులో నా సెల్ నంబరు. రెండు కాగితాలు ఇటు తిప్పితే నేను దొరుకుతాను. నాలుగేళ్లలో ఆ రెండు కాగితాలు ఎవరూ తిప్పలేదు.

మీ ఇంట్లో సమన్లకి కళ్లు లేవు, బెయిలబుల్ గారికి నోరు లేదు. తమరొక్కరికే ఫోన్ ఉంది.

పోనీ చట్టం ఒప్పుకోదా అంటే, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సాక్షికి సమన్లు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపొచ్చని రాసే ఉంది. అంతకుముందు పాత చట్టంలోనూ సాక్షికి ఫోన్ చేసి "అన్నా, పన్నెండో తారీకు రా" అనడం నేరమేమీ కాదు. ఇడ్లీ తెచ్చే కుర్రాడు కూడా గల్లీ మొదట్లో ఆగి "సార్, ఎటు రావాలె" అని అడుగుతాడు. ఆ ఇడ్లీ ఖరీదు నలభై. నేను రాజ్యం తరఫు సాక్షిని.

తమరెక్కడ కొలువుతీరారో చూద్దామని, కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్ కూడా తెరిచాను. పార్టీ పేరుతో వెతకొచ్చు, లాయరు పేరుతో వెతకొచ్చు, ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు. సాక్షి పేరుతో వెతికే దారి లేదు, సాక్షి పార్టీ కాడు కాబట్టి. అరెస్టు చేయడానికి పనికొస్తాడు, వెతుక్కోవడానికి పనికిరాడు. క్యాప్చా గురించి మాట్లాడను, బీపీ ఉంది.

మంగళవారం తెల్లవారుజామున ఎంజీబీఎస్‌లో బస్సెక్కాను. పదిన్నరకి కోర్టు. నేరుగా వెళ్లి "నేనే ఎల్‌డబ్ల్యూ-5" అంటే సరిపోతుందనుకున్నాను. బెంచ్ క్లర్కు తల ఎత్తకుండానే "రీకాల్ పిటిషన్ వేయించుకోండి" అన్నాడు. అంటే తమరిని రద్దు చేయమని అర్జీ. లాయరుకి 1,500. వరండాలో బెంచీ. బెంచీ మీద చోటు లేదు.

అక్కడే ఒకాయన లేచి నాకు చోటిచ్చాడు. తెల్ల చొక్కా, చంకలో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితాలు. "మీరేనా సార్ ఎల్‌డబ్ల్యూ ఫైవ్?" అన్నాడు. ఆయనే ఆ లారీ డ్రైవరు. ముద్దాయి.

ప్రతి వాయిదాకీ వచ్చాడట. లోడు వదులుకుని, ఓనరు చేత తిట్లు తిని, ఒక్కటీ తప్పకుండా. ఒక్కరోజు రాకపోతే తమరు ఆయన మీదకి వస్తారు కాబట్టి. "బంట్రోతు మీ పేరు మూడుసార్లు పిలుస్తడు సార్. నాలుగేండ్ల నుంచి వింటున్న. పేరు గుర్తుండిపోయింది, మనిషిని ఇయ్యాల చూసిన" అన్నాడు. నేను చెప్పబోయే సాక్ష్యం ఆయనకి వ్యతిరేకం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా కిందికి తీసుకెళ్లి టీ తాగించాడు, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. శిక్ష పడుతుందో, కొట్టేస్తారో, ఏదో ఒకటి తేలితే చాలట ఆయనకి. నా ఫైల్లో రెండు కాగితాలు తిప్పనందుకు ఆయన నాలుగేళ్లు వరండాలో నిలబడ్డాడు. తమరు వెతుకుతున్నది నన్ను, అరిగిపోయింది ఆయన చెప్పులు.

సాయంత్రం నాలుగున్నరకి పిలిచారు. బోనులోకి కాదు, పక్కకి. "ఎందుకు రాలేదు?" "సమన్లు అందలేదండి." "ఇల్లు మారితే చెప్పాలి కదా." ఎవరికి చెప్పాలండీ అని నోటిదాకా వచ్చింది. లాయరు మోచేత్తో పొడిచాడు. వంద రూపాయలు జరిమానా, వారెంట్ రీకాల్డ్. పాత చట్టంలో రాని సాక్షికి జరిమానా వందకి మించకూడదు, కొత్తదాంట్లో ఐదువందల దాకా వేయొచ్చు. పాత కేసు కావడం నా అదృష్టం. లాయరు, బస్సు, పోయిన ఒక సెలవు అన్నీ కలిపితే ఆ వంద చిల్లర కిందికే వస్తుంది.

మరి సాక్ష్యం? ప్రభుత్వం తరఫు లాయరు ఏపీపీ గారు సెలవు. వచ్చే నెలకి వాయిదా. డ్రైవరు కవరు చంకలో పెట్టుకుని నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంతా అయ్యాక, ఈ సాయంత్రం మళ్లీ తమరు!

అయ్యా, తమరి జాతకం నేను చదివాను. కోర్టు రద్దు చేసేదాకానో, అమలయ్యేదాకానో తమరు బతికే ఉంటారని చట్టంలో ఉంది. బాగుంది. మరి రద్దు చేశాక? 2002 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ముంబైలో ఒక లాయరుని రద్దయిపోయిన వారెంటు మీద పట్టుకెళ్లారు. లాయరునే! అది సుప్రీంకోర్టు దాకా పోయింది. వారెంట్లకి నంబర్లు వేయండి, రిజిస్టర్ పెట్టండి, రద్దయితే ఆ సంగతి రాతపూర్వకంగా స్టేషన్‌కి పంపండి అని 2011లో మార్గదర్శకాలు ఇచ్చారు. రిజిస్టర్! మా వాచ్‌మన్ దగ్గరున్నది అదే. దానికి సుప్రీంకోర్టు చెప్పక్కర్లేకపోయింది, అపార్ట్‌మెంట్ సెక్రటరీ చెబితే సరిపోయింది.

పుట్టినప్పుడు నువ్వు రెండు జిల్లాలు దాటి వచ్చావు. నీకు టపా ఉంది, మనిషి ఉన్నాడు, బండి ఉంది. చచ్చినప్పుడు ఆ కబురు మోయడానికి మాత్రం ఒక్క కాగితం కదలదు. మా ఆవిడ తలుపు సందులోంచి చూస్తోంది. మా అమ్మాయి "నాన్నా ఏం చేశావ్" అంటోంది. యాక్సిడెంట్ చూశానమ్మా అని చెప్పాలా? ఇంకోసారి రోడ్డు మీద మనిషి పడితే ఆగకు, టీ గ్లాసు పక్కన పెట్టి నడిచిపో అని నేర్పాలా? నువ్వే చెప్పు. నీకు నోరుంది కదా, ఫోనుంది కదా!

మన్నించాలి. తమరినే అన్నాను.

కానిస్టేబుళ్లు మంచివాళ్లే. ఫోన్లో ఈ-కోర్ట్స్ తీసి, ఎఫ్ఐఆర్ నంబరు కొట్టి, రద్దయిన రోజు వివరం చూపించాను (ఇందాక సైటుని అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను, క్యాప్చాది తప్ప). పెద్దాయన రెండుసార్లు చదివి, ఎందుకైనా మంచిదని అక్కడి కోర్టు కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాడు. అవతలి గొంతు నాకూ వినపడింది: "ఆయనా? 1930 సారు! రీకాల్ అయింది, వదిలెయ్." పెద్దాయన నవ్వాపుకుంటూ "కాగితం మాకు రాలే సార్. వచ్చేదాక మీ పేరు మా లిస్టులనే ఉంటది" అని చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

తర్వాత కిందికి దిగి రిజిస్టర్ చూశాను. "ఏం పని" అన్నచోట మా వాచ్‌మన్ గుండ్రటి అక్షరాలతో "వారంటీ" అని రాశాడు. ఏసీదా సార్, ఫ్రిజ్‌దా అని అడిగాడు కూడా. ఔట్ టైమ్ గడి ఖాళీగా ఉంది. రాయకుండా పోయారట. నువ్వే వేసెయ్ అన్నాను. ఒప్పుకోలేదు. "పోయినోళ్లు సంతకం పెట్టాలె సార్, నేనెట్ల పెడత?"

ఇట్లు,
ఎల్‌డబ్ల్యూ-5
సెల్ నంబరు: తమరి దగ్గర ఉన్నదే.