కాన్పు ఒకటే, బిడ్డలు ఇద్దరు: సరిహద్దు జిల్లాల్లో కవలల లెక్క

జననీ సురక్షా యోజన కింద ఒడిశా పల్లెల్లో ప్రభుత్వాసుపత్రిలో పురుడు పోసుకున్న తల్లికి అందేది 1,400 రూపాయలు. పుట్టింది ఒకరైనా ఇద్దరైనా ఆ మొత్తం మారదు. అంగన్‌వాడీ బాలింతకు ఇచ్చే అదనపు పోషకాహారం రోజుకు 600 కెలోరీల కొలతతో లెక్కగట్టినది. ఇద్దరికి పాలిచ్చే తల్లి చేతిలోనూ అదే ఛతువా (వేయించిన ధాన్యాల పిండి) పొట్లం పెడతారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పథకం రాసినవారు కాన్పును లెక్కపెట్టారు, కాన్పుకు ఒక బిడ్డ అనుకున్నారు. అయితే ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో కవలల పెంపకాన్ని గర్భం మొదలు పెళ్లిదాకా గమనిస్తే, ఇద్దరిని ఒకటిగా చుట్టేసే ఈ అలవాటు ప్రభుత్వ కాగితాలతో ఆగదనీ, ఆసుపత్రి నుంచి బడికి, బడి నుంచి బంధువుల ఇళ్లకు వేరువేరు రూపాల్లో వెంట వస్తుందనీ తెలుస్తుంది.

కవలలని తెలియగానే ఇంట్లో పెద్దలకు గుర్తొచ్చేది ఎప్పుడో తిన్న జంట అరటిపండు. (తరతరాలుగా ఆ పండు మోస్తున్న నింద అన్యాయం, దానివల్ల కవలలు పుట్టరు.) డాక్టరును అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: బిడ్డలిద్దరికీ మాయ ఒకటేనా, రెండా? 11 నుంచి 14 వారాల మధ్య చేసిన స్కానింగ్‌లో ఈ సంగతి బాగా తెలుస్తుంది, నెలలు గడిచేకొద్దీ తేల్చడం కష్టమవుతుంది. మాయ ఒకటే అయినప్పుడు నూటికి పది పదిహేను గర్భాల్లో ఒక బిడ్డ రక్తం మాయలోని నాళాల గుండా రెండో బిడ్డకు మళ్లిపోయి, ఇద్దరి ప్రాణాలకూ ముప్పు రావచ్చు. అందుకే అలాంటి గర్భాన్ని 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగ్‌లో చూడాలి. చెరొక మాయ ఉంటే నాలుగు వారాలకొకసారి చూస్తే సాధారణంగా సరిపోతుంది. ఐదో నెలలో మొదటిసారి స్కానింగ్‌కు వెళ్లి, ‘కవలలు, ఇద్దరి గుండె కొట్టుకుంటోంది’ అన్న రిపోర్టు చూసుకొని తృప్తిపడే కుటుంబానికి అసలు సమాచారం చేరనట్లే. మాయ సంగతి రిపోర్టులో రాయించుకోవడం ఆ కుటుంబం హక్కు.

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. కనుక నొప్పులు మొదలయ్యాక అంబులెన్సుకు ఫోన్ చేయడం అన్న మామూలు పద్ధతి వీరికి చాలదు. కొండ ఊళ్ల గర్భిణుల కోసం ఒడిశా ప్రభుత్వం నడుపుతున్న ‘మా గృహ’ల్లో ముందే వచ్చి ఉండవచ్చు. ఏ ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉందో ఏడో నెలకల్లా తెలుసుకొని పెట్టుకోవాలి. పర్లాకిమిడి వారికి బరంపురం వైద్య కళాశాల కంటే శ్రీకాకుళమే దగ్గర, రాయగడ వారికి రైలెక్కితే విజయనగరం, విశాఖపట్నం. అందుబాటు మాట నిజమే గానీ, చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. పుట్టిల్లు టెక్కలిలోనో పాలకొండలోనో ఉంటుంది, అత్తిల్లు ఒడిశాలోని గజపతి జిల్లాలో. ఏడు నెలలపాటు బరువు, బీపీ, రక్తపరీక్షలన్నీ రాసిన కార్డు ఒడియాలో ఉంటుంది, పురుడు మాత్రం ఆంధ్రలో. ఆసుపత్రిలో పుట్టిన శిశువును 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొచ్చి చూడవలసింది ఆశా కార్యకర్త. ఇక్కడి ఆశా దీదీ దృష్టిలో తల్లి ఊళ్లో లేదు, అక్కడి ఆశా జాబితాలో ఆమె పేరే లేదు. బరువు తక్కువగా పుట్టిన ఇద్దరు పిల్లలకు ఆ రాకపోకలు అందరికంటే ఎక్కువ అవసరం కాగా, జారిపోయేదీ వారే. రెండు రాష్ట్రాల అధికారులు కూర్చొని ఒప్పందాలు చేసుకొనేదాకా ఆగనక్కర్లేదు. ఈ ఊరి ఆశా ఫోన్ నంబరును ఆ ఊరి ఆశాకు ఇచ్చి, కార్డు ప్రతి పేజీనీ ఫోటో తీసి పంపితే సగం పని అవుతుంది. వైద్య ఖర్చు సంగతి వేరు. ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ) ఆంధ్ర కుటుంబాలది. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో మొదలైన ఆయుష్మాన్ భారత్ రాష్ట్రం దాటినా చెల్లుతుంది గానీ, వెళ్లబోయే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలను ఒక తల్లి ఒంటరిగా ఈదగలదని అనుకోవడమే తప్పు. ఒక బిడ్డ రొమ్ము పట్టి తాగుతుంటే, పీల్చే బలం చాలని రెండో బిడ్డకు పిండిన పాలను అమ్మమ్మ ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పడుతుంది. ఆ పని ముగిసేసరికి మొదటి బిడ్డ మళ్లీ లేస్తుంది. చీకట్లో ఎవరికి పట్టామో మరిచిపోకుండా ఒకరికి కుడిబుగ్గన, మరొకరికి ఎడమబుగ్గన దిష్టిచుక్క పెట్టే ఇళ్లున్నాయి, ఆ తెలివికి దండం పెట్టవచ్చు. చొక్కా విప్పి బిడ్డను ఛాతీకి ఆనించుకొని వెచ్చగా ఉంచే కంగారూ సంరక్షణ తండ్రి కూడా చేయగలడు. బిడ్డలు ఇద్దరైనప్పుడు అది ఆయన చేసే సాయం కిందికి రాదు, ఆయన వంతు పని.

నెలలు నిండకుండా పుట్టినవారి ఎదుగుదలను రెండేళ్లు వచ్చేదాకా, పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టవలసిన తేదీ నుంచి లెక్కించాలి. ఆ సవరణ తర్వాత కూడా కవలలకు సగటున మాటలు కాస్త ఆలస్యంగా వస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో సవర వినిపించే ఊళ్లలో ఈ ఆలస్యాన్ని భాషల మీదకు నెట్టి, ‘ఒక్క భాషే మాట్లాడండి’ అని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు. ఎక్కువ భాషలు వినడం దీనికి కారణం కాదు. ఒక్కో బిడ్డతో పెద్దవాళ్లు విడిగా మాట్లాడే సమయం సగానికి తగ్గిపోవడం ముఖ్య కారణాల్లో ఒకటి. ఒకరిని చంకనేసుకొని దుకాణానికి వెళ్లి, మరొకరిని ఇంట్లో నాయనమ్మ దగ్గర కబుర్లకు వదిలితే అదే మందు.

కాగితాల బాధ మాత్రం సరిహద్దుకే ప్రత్యేకం. జననాన్ని బిడ్డ పుట్టిన చోటే, 21 రోజుల్లో నమోదు చేయించాలి. కాబట్టి శ్రీకాకుళంలో పుట్టిన కవలల పత్రాలు అక్కడివే. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. తేదీ, తల్లిదండ్రులు, చిరునామా ఒకటే అయి, పేర్లు హేమలత, ప్రేమలత అయితే, ఇద్దరికీ ఒకే ఇనిషియల్ ఉంటే, కంప్యూటరు ముందు కూర్చున్న గుమస్తా రెండో దరఖాస్తు పొరపాటున వచ్చిందనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రాస కలిసే పేర్ల సరదా ఉయ్యాల నాటితో తీరుతుంది, దాని ఇబ్బంది ఉద్యోగ దరఖాస్తుదాకా ఉంటుంది. పేరు లేకుండా నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకొనే వీలుంది కనుక తొందరపడనక్కర్లేదు. రూపం ఒకటే అయిన కవలలకు కూడా వేలిముద్రలు వేరు. ఆధార్ యంత్రం ఆ తేడాను మనకంటే బాగా గుర్తిస్తుంది.

బడిలో ఇద్దరినీ ఒకే తరగతి గదిలో ఉంచాలా, విడదీయాలా అన్నదానికి అందరికీ సరిపడే జవాబు లేదు, పైగా ఒకే గది ఉన్న ఊరి బడిలో ఆ ప్రశ్నే రాదు. అసలు పరీక్ష ఐదో తరగతిలో వస్తుంది. నవోదయలో ఆరో తరగతి సీట్లు గరిష్ఠంగా 80, వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. ఆ ప్రవేశ పరీక్షను రెండోసారి రాయనివ్వరు. కవలల్లో ఒకరు ఎంపికై మరొకరు మిగిలిపోతే, వచ్చిన బిడ్డను కూడా పంపకుండా ఆపేసే తల్లిదండ్రులున్నారు, ‘విడిపోతే బెంగపెట్టుకుంటారు’ అని. నా దృష్టిలో అది ప్రేమ పేరిట చేసే అన్యాయం. ఒకరికి అందిన అవకాశాన్ని తీసేస్తే రెండోవారికి సీటు రాదు సరికదా, అక్క చదువు తనవల్లే ఆగిందన్న భారం చెల్లెలి నెత్తిన పడుతుంది. మిగిలిన బిడ్డకు తొమ్మిదో తరగతిలో ఖాళీలకు జరిగే ప్రవేశ పరీక్ష ఉంది. అప్పటిదాకా ఆ బిడ్డ దేన్ని ఇష్టపడుతోందో చూసి దానికి ఖర్చు పెట్టడం మేలు. పండక్కి వచ్చిన చుట్టాలు మార్కులు పోల్చడం మొదలుపెడితే మాట మార్చే ధైర్యం కూడా తల్లిదండ్రులకు ఉండాలి.

పెద్దయ్యాక ఒకరు విశాఖలో ఉద్యోగానికి వెళ్లి, మరొకరు ఊళ్లో కొట్టు చూసుకోవచ్చు. ఖర్చు కలిసొస్తుందని ఒకే ముహూర్తానికి ఇద్దరి పెళ్లీ చేయాలనే పట్టుదలలో, ఒకరికి సంబంధం కుదిరేదాకా రెండోవారిని ఆపడం పరిపాటి. ముహూర్తం కంటే ముందు చూడవలసింది రక్తపరీక్ష. కొరాపుట్, రాయగడ ప్రాంతాల్లో సికిల్ సెల్ (తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే బిడ్డకు వచ్చే రక్తజబ్బు) ఉంది, 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష ఉచితం. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఆ జన్యువు ఉందని తేలితే రెండోవారికీ ఉన్నట్లే. రెండు అండాల నుంచి పుట్టినవారైతే మామూలు తోబుట్టువుల్లాగే ఒకరికి ఉండి మరొకరికి లేకపోవచ్చు. అందుకని ఒకరి రిపోర్టు పట్టుకొని ఇద్దరి సంబంధాలూ ఖాయం చేయకుండా, చెరొక పరీక్ష చేయించి చెరొక కార్డు తీసుకోవాలి.