ఎర్ర మెత్త స్టూలు గారికి

గౌరవనీయులైన స్టూలు గారికి,

చీరల సెక్షన్, మూడో కౌంటర్ వెనక నిలబడే మనిషిని. ఐదేళ్లుగా మీ పక్కనే ఉంటున్నాను కాబట్టి ఇంతకన్నా పరిచయం అక్కర్లేదు.

మొన్న మార్చి 8న మన సేటు చేసిన మహిళా దినోత్సవం మీరూ చూశారు. గడియారం సెంటర్ దాకా కనిపించేంత ఫ్లెక్సీ, దాని మీద మహిళా సాధికారతే మా లక్ష్యం అని. వచ్చిన పెద్దమనుషులకు టెంట్ హౌస్ నుంచి కుర్చీలు కిరాయికి తెప్పించారు. మేం పదహారు మంది ఆడవాళ్లం యూనిఫాం చీరలు కట్టుకుని (వాటి పైసలు మా జీతంలోనే కోశారు లెండి) గోడ పక్కన వరుసగా నిలబడ్డాం. ఆడవాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడాలని ఒకాయన గంటసేపు చెప్పాడు. సార్, పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా మేం చేసేది అదే.

ఆ సాయంత్రమే, కౌంటర్ దగ్గర ఒక్క కస్టమర్ కూడా లేనప్పుడు, మీ మీద కూర్చున్నాను. నాలుగు నిమిషాలు. కెమెరాలో చూసి ఫ్లోర్ మేనేజర్ సారు పైనుంచి దిగి వచ్చాడు. వంద రూపాయలు కోత. పొద్దున ఇచ్చిన గులాబీ ఇంకా వాడనే లేదు.

మీ మీద ఎవరెవరు కూర్చుంటారో లెక్క పెడుతుంటాను. భార్య చీరలు చూస్తుంటే ఫోన్ చూసుకునే భర్తలు. పిల్లల చెప్పులు. పోయిన శ్రావణంలో ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ గంటన్నర కూర్చుంది, అంతసేపూ నేను గద్వాల, నారాయణపేట, పోచంపల్లి అరవై చీరలు విప్పి మళ్లీ మడత పెట్టాను. ఆ చీరలు కూడా పరుపు మీదే పడుకున్నాయి. తిప్పర్తి నుంచి జీరో టికెట్ బస్సులో నిలబడి వచ్చి, ఇక్కడ నిలబడి, మళ్లీ నిలబడి ఇంటికి పోయి, వంట కూడా నిలబడే కదా. పిక్కల మీద నరాలు తాళ్లలా లేచాయి. డాక్టర్ దగ్గరికి పోతే ఎక్కువసేపు నిలబడకమ్మా అన్నాడు.

కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే 2018లో చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చారు, 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. ఇది చెప్తే సారు, "అయితే కేరళ పో" అన్నాడు. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లు కూర్చోడానికి ఏర్పాటు ఉండాలని 1948 చట్టంలోనే రాశారు కదా సార్ అంటే, మనది ఫ్యాక్టరీ కాదట, షోరూమట.

ప్యాంట్ల సెక్షన్ మగపిల్లలకు మాకన్నా రెండు వేలు ఎక్కువ ఎందుకంటే వాళ్లు మూటలు మోస్తారట. మా చీరల మూటలు నడిచి వస్తాయి కాబోలు. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం, మనకూ ఉందట. అందులో నేను మెంబర్‌నని మొన్న మైకులో చదివితేనే తెలిసింది.

అవన్నీ పోనీ. ఒక్క స్టూలు! ఆ ఫ్లెక్సీకి అయిన పైసలు పెడితే కౌంటర్‌కొకటి వచ్చేది కదా, ఖాళీగా ఉన్నప్పుడు ఐదు నిమిషాలు కూర్చుంటే ఏ చీర అమ్ముడుపోదు, ఎవరి కొంప మునుగుతుంది? నువ్వు మాత్రం ఏం తక్కువ, అంత మెత్త వేసుకుని రోజంతా ఖాళీగా నా మోకాలి పక్కనే కూర్చుని చూస్తావు.

సరే, నీ తప్పేముంది. నిన్ను కూడా నాలాగే ఎక్కడ పెడితే అక్కడ ఉండమన్నారు. ఒక కాలు ఊగుతోంది, చూసుకో, కింద అట్టముక్క పెట్టాను.

ఇంకోమాట. కరెంటు పోతే జనరేటర్ అందుకునేదాకా రెండు నిమిషాలు కెమెరా కూడా ఆగుతుంది. ఎండాకాలం వచ్చింది, కరెంటు పోతూనే ఉంటుంది. అప్పుడు కలుద్దాం.

ఇట్లు,
మూడో కౌంటర్