రెండు కొక్కేలు ఉన్నాయని ధీమా వద్దు

ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో వియా ఫెరాటా, అంటే కొండకు బిగించిన ఉక్కు తాడుకు కొక్కేలు తగిలించుకుని ఎక్కే దారి గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ‘రెండు కొక్కేలు తగిలించుకుంటే పడినా భయం లేదు’ అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. ఉక్కు తాడును కొన్ని మీటర్లకోసారి మేకుతో కొండకు బిగిస్తారు. చెయ్యి జారితే కింది మేకు దాకా పడిపోయి, అక్కడ ఒక్కసారిగా ఆగుతాం. ఆ కుదుపు మామూలుది కాదు. అందుకే నడుముకీ కొక్కేలకీ మధ్య చిన్న సంచిలో మడిచి కుట్టిన పట్టీ ఉంటుంది. పడ్డప్పుడు ఆ కుట్లు పటపటా ఊడిపోతూ దెబ్బను మింగుతాయి. ఒకసారి ఊడిందా, ఇక ఆ సెట్టు పారేయాల్సిందే. ఈ సెట్లకున్న ఇప్పటి యూరోపియన్ ప్రమాణం 40 నుంచి 120 కిలోల వాళ్లకే, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు చూసుకోండి.

డోలమైట్స్‌లోనే లగజువోయ్ కొండ మీద మొదటిసారి నేను, మేకు దాటేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి మార్చాల్సిన రెండు కొక్కేలనూ కంగారులో ఒకేసారి తీసేశాను. రెండు సెకన్లే. వెనకున్నాయన అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. అన్నట్టు, అక్కడి సొరంగాలు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు తవ్వినవి, ఆ ముక్క కూడా రాయాల్సింది. ఉరుము వినిపిస్తే మాత్రం అక్కడ ఆగకుండా తాడు వదిలి బయటపడే దారి చూడండి, మీరు పట్టుకున్నది ఇనుప తాడు.