బోడి మెట్ట ఎడారి కాదు

ఒడిశాలోని రాయగడలో మా తెలుగువాళ్ల ఫోన్లన్నిటికీ వారం రోజులుగా ఒకటే మెసేజ్ వస్తోంది. "బాక్సైట్ మెట్ట నెత్తిన ఒక్క చెట్టు లేదు, ఎడారే. తవ్వితే ఎవరికి నష్టం? రిపోర్టులోనూ నష్టం లేదనే రాశారు. తవ్వాక మొక్కలు నాటుతారు. అయినా అడిగేదెవరు, మనకెందుకు?" నాకే నలుగురు పంపారు.

నెత్తిన చెట్లు లేని మాట చాలావరకు నిజం. పైనంతా గట్టి ఎర్రరాయి, వేరు దిగదు, గడ్డే మొలుస్తుంది. కానీ ఆ రాయి నిండా తూట్లు. వానాకాలమంతా నీళ్లు తాగి, వేసవిలో మెట్ట నడుం దగ్గర ఊటలుగా వదులుతుంది. మొన్న మేలో చూశాను. కింద ఊళ్లో బోరు ఎంత కొట్టినా గాలే వచ్చింది. మెట్టెక్కితే రాళ్ల సందున వేలు లావు ధార పడుతూనే ఉంది. ఒక కోంధు గిరిజన అమ్మ ఆకును దోనెలా మడిచి ధార కింద పెట్టి బిందె నింపుకుంటోంది. నేను దోసిలి పట్టాను, వేళ్లు జివ్వుమన్నాయి. దాన్నా ఎడారి అంటున్నారు?

ఇక రిపోర్టు, అంటే గని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో అంచనా వేసేది. పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ పద్ధతిలో దాన్ని రాసే కన్సల్టెంటును పెట్టుకునేది, ఫీజు కట్టేది కంపెనీయే. అయితే దాన్ని ముందు జనం ఎదుట పెట్టి అభ్యంతరాలు వినాలన్నారు. పైగా గాలి, నీటి కొలతలు వానాకాలం కాని ఒక్క సీజన్‌వి ఉంటే చాలు. చలికాలంలో కొలిచి వెళ్లిపోతే మెట్ట వానల్లో ఎంత తాగిందో, మేలో ఎంత వదిలిందో ఎలా తెలుస్తుంది?

మొక్కలు నాటగలరు, కాదనను. దమన్‌జోడి దగ్గర బాక్సైట్ తవ్వే పంచపట్‌మాలి కొండ మీద నాటారు కూడా. కానీ లారీల్లో వెళ్లిపోయేది నీళ్లు దాచే ఆ రాతి పొరే. దాన్ని ఏ నర్సరీ నుంచి తెస్తారు?

అడిగేదెవరు అంటే, మన జిల్లాలోనే అడిగారు. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వే విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలదే మాట అంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 సభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి.

మనకెందుకు అన్న మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. నాగావళి, వంశధార పుట్టింది ఈ కొండల్లోనే. తోటపల్లి, గొట్టా బ్యారేజీల కింద వరి పండించేది మన చుట్టాలే. అధ్యయనం మామూలుగా గని చుట్టూ 10 కిలోమీటర్లతో ఆగుతుంది, నది ఆగదు. బహిరంగ విచారణ రోజున నేను వెళ్తున్నాను. మే నెలలో ఆ ఊటల నీటి లెక్క రిపోర్టులో ఏ పేజీలో ఉందని మైకులో అడుగుతాను.